డబ్బాలో ఏడ్చేవాడు

జనవరి 9

ఆఫీసులో అందరికీ డైరీలు పంచారు. నాకు అట్ట మీద కాఫీ మరక ఉన్నది వచ్చింది. ఆ మరక పోయిన వారం నేను చేసిందే, కాబట్టి న్యాయం జరిగింది. ప్రతి పేజీ అడుగున దానం గొప్పదనం మీద ఒక నీతివాక్యం అచ్చేశారు. దాన్ని కొట్టేసి దాని మీద రాస్తున్నాను. జాగా వేస్టు కాకూడదు.

నేను ఎనిమిదో క్లాసు చదివాను. తొమ్మిదిలో కూర్చున్నాను గానీ చదవలేదు. ఫౌండేషన్‌లో నా ఉద్యోగం పేరు సపోర్ట్ స్టాఫ్. అంటే టీ ఇస్తా, బల్బులు మారుస్తా, ప్రింటర్ మింగిన కాగితాన్ని కక్కిస్తా. మా ఫౌండేషన్ పని జనం చేత దానాలు చేయించడం. పూర్వం వీళ్ళే డబ్బాలు పట్టుకుని వీధులు తిరిగేవాళ్ళట. ఇప్పుడు ఏసీలో కూర్చుని కంప్యూటర్లో జనం గుండెకాయ ఎటువైపు మెత్తగా ఉందో వెతుకుతారు.

ఇవాళ శుభ్రంగా పనిచేస్తున్న లిఫ్టుకి ‘పనిచేయదు’ అని బోర్డు తగిలించాను. ఐదో అంతస్తు దాకా అందరూ మెట్లెక్కారు. సారు కూడా. ఈ ఫౌండేషన్‌కి పెద్ద ఆయనే. రొప్పుతూ వచ్చి ఎవడయ్యా ఆ బోర్డు పెట్టింది అన్నాడు. నేను మొహం వేలాడేసి, కింది పెదవి వణికించి, కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని, ఎవరో పాపాత్ముడు సార్ అన్నాను. తిడతాడనుకున్నా. తిట్టలేదు. సంతలో గేదెను చూసినట్టు నా మొహాన్ని అటూ ఇటూ తిరిగి చూశాడు. కళ్లద్దాల పిల్లను పిలిచి, ఇదిగో అమ్మా, మనం వెతుకుతున్న మొహం టీ కప్పులు కడుగుతోంది అన్నాడు.

కళ్లద్దాల పిల్ల మా ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తుంది. నన్ను అంకుల్ అంటుంది. మంచిదే. చక్కెర మాత్రం మూడు చెంచాలు వేసుకుంటుంది.

జనవరి 12

విషయం ఇది. నిలువెత్తు డబ్బా ఒకటి తయారుచేస్తున్నారు. మధ్యలో స్క్రీన్, స్క్రీన్ నిండా ఒక మొహం. పైన కెమెరా. ఎవరైనా దగ్గరికొస్తే మొహం తల ఎత్తి వాళ్ళ కళ్ళలోకి చూస్తుంది. ఏమీ ఇవ్వకుండా వెళ్ళిపోతుంటే కన్నీళ్ళు కారుస్తుంది. ఫోన్ ఆనించినా, కన్నంలో నాణెం వేసినా నవ్వుతుంది. నటులతో తీసి చూశారట. జనానికి నటన తెలిసిపోతోందట.

సంతకం పెట్టమన్నారు. ఆ మొహం ఇకమీదట ఫౌండేషన్ వాళ్ళదట. మా ఇంట్లో అద్దం ఎప్పుడో పగిలింది, నాకూ దాంతో పెద్ద పని లేదు అని పెట్టేశాను.

జనవరి 15, పొద్దున

అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్క కర్టెన్లు కుడుతుంది. ఈ ఊళ్ళో సగం కిటికీలకు రెప్పలు కుట్టింది ఆవిడే. బావ పోయి చాలా ఏళ్ళయింది. నా పెళ్ళాం నా వేళాకోళం భరించలేక వెళ్ళిపోయింది. అక్కకు వెళ్ళడానికి వేరే చోటు లేక నాతోనే ఉంది. అలా అని నేనంటాను. నిజానికి ఆవిడ ఇంట్లో నేనున్నాను.

డాక్టరు బల్ల మీద వేలితో గుండె బొమ్మ గీశాడు. అందులో ఒక వాల్వు పాడైపోయిందట. మార్చాలి. ఆలస్యమైతే మార్చినా లాభం లేదట. బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు, ఆయాసం వచ్చేలా నవ్వొద్దు అన్నాడు. ఎంతవుతుందో చెప్పాడు. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

జనవరి 15, సాయంత్రం

ఇవాళే షూటింగ్ పెట్టారు. ఏడవండి అంకుల్, లిఫ్టు దగ్గర ఏడ్చినట్టు అంది కళ్లద్దాల పిల్ల. ఏడ్చాను. డాక్టరు వేలు బల్ల మీద తిరగడం కళ్ళ ముందుకొచ్చింది, ఇంక కట్టు తెగింది. చాలు అన్నా ఆగలేదు. అయిపోయాక చప్పట్లు కొట్టారు.

నవ్వు మాత్రం రాలేదు. పళ్ళపొడి ప్రకటనలా ఉంది అంకుల్ అని మళ్ళీ మళ్ళీ తీసింది. అంతలో అక్క ఫోన్. ఎత్తండి, కెమెరా ఆపను అంది ఆ పిల్ల. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎత్తాను. ఒరేయ్ కోతీ, డాక్టరు నన్ను నవ్వొద్దన్నాడు కదా, మరి నీ మొహం ఎదురుగా పెట్టుకుని ఎలా బతకాల్రా, ఇంటికొచ్చేటప్పుడు ముసుగేసుకుని రా అంది అక్క.

దొరికింది, దొరికింది అని కళ్లద్దాల పిల్ల గంతులేసింది. ఆ నవ్వే ఉంచారు.

ఫిబ్రవరి 3

డబ్బాలు ఊరంతా దిగాయి. అక్క వెళ్ళే ఆసుపత్రి కింద హాల్లో ఒకటి పెట్టారు. వెళ్ళి చూశాను. వాడు నాకంటే అందంగా ఏడుస్తున్నాడు. వాడి పక్కనే నిలబడి నేనూ అదే మొహం పెట్టాను. అటుగా వచ్చిన ఒక ముసలావిడ వాడిని చూసి, నన్ను చూసి, కెవ్వుమని చేతిలో మందుల సంచి వదిలేసింది. గార్డు నన్ను బయటికి నెట్టాడు. డబ్బాను ఏమీ అనలేదు.

ఎడమ కంట్లోంచి ముందు నీరు కారితే జనం ఎక్కువ ఇస్తున్నారని తేలిందట. ఊరంతా ఇప్పుడు ఎడమ కన్నే. సారు నా వీపు తట్టాడు.

ఫిబ్రవరి 6

సిగ్గు విడిచి సారుని అడిగాను. డబ్బాలో పడేది జనరల్ ఫండ్, దాన్ని ఒక మనిషికి ఇవ్వడానికి లేదు అన్నాడు. ఆప్‌లో మీ అక్క కేసు పెట్టు, అర్హత ఉంటే జనమే ఇస్తారు, నేను కూడా ఇస్తాను అన్నాడు. అక్కడికక్కడే జేబులోంచి కొంత తీసి ఇచ్చాడు కూడా. అబద్ధం చెప్పకూడదు.

ఆప్ అంటే ఫోన్లో వరసగా మొహాలు. మొహం కింద కథ, కథ కింద ఒక గీత. డబ్బు పడేకొద్దీ గీత పచ్చగా నిండుతుంది. నిండితే ఆసుపత్రికి పంపుతారు.

ఫిబ్రవరి 8

ఫోటో తియ్యాలి. అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. సాయానికి ఇంటికొచ్చిన కళ్లద్దాల పిల్ల ఫోన్ నా చేతికిచ్చి, కొంచెం దిగులుగా ఉండాలి ఆంటీ అంది. అక్క బుద్ధిగా దిగులు పెట్టింది. నేను ఫోన్ పైకెత్తాను. నన్ను చూసిందంటే ఇక అయిపోయింది, ఫక్కున నవ్వింది. ఏమిటే అంటే, నువ్వు సీరియస్‌గా ఉంటే నీ చెవులు వెనక్కి పోతాయిరా అంది. మళ్ళీ తీశాను. మళ్ళీ నవ్వింది. చివరికి ఆయాసం వచ్చి ఆపేశాం. ఉన్నవాటిలో తక్కువ నవ్వింది ఏరి పెట్టాం.

అందులో కూడా కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి.

ఫిబ్రవరి 16

అక్క కిందికి పోతోంది. ఆప్‌లో సంగతి. ఎవరి మొహానికి జనం ఎక్కువ కరిగితే వాళ్ళని పైకి నెడుతుందట, కరగనివాళ్ళు అడుక్కి జారతారట. ఎవరూ కావాలని చేసింది కాదు అంకుల్, జనం చేతి వేళ్ళను చూసి అదే నేర్చుకుంటుంది అంది కళ్లద్దాల పిల్ల. నవ్వేవాళ్ళకి అంత ప్రమాదం లేదనుకుని వేలితో తోసేస్తారు, అంతకంటే ఏం లేదు అంది.

ఇంటికెళ్ళి మళ్ళీ ప్రయత్నించాను. బావ పోయిన రోజు గుర్తు తెచ్చుకో అన్నాను. తెచ్చుకుంది. ఆ తర్వాత బావ ఒకసారి కర్టెన్ రాడ్డుతో సహా పక్కింటివాళ్ళ మీద పడటం కూడా గుర్తొచ్చింది. ఇంకేముంది.

ఫిబ్రవరి 22

అక్క ఇవాళ మెట్ల మధ్యలో కూలబడింది. ఊపిరి అందాక, పనిచేయదు అని ఆ బోర్డేదో నా మెడలో తగిలించరా అంది.

మార్చి 2

చేశాను. ఇంతకాలం చేసిన వేళాకోళాలన్నీ దీనికి రిహార్సలే అనిపించింది.

అక్కా నేనూ ఒక అచ్చులో పోసినట్టుంటామని అందరూ అంటారు. అదే ముక్కు, అవే బుగ్గలు. అక్క దుకాణానికి వెళ్ళాక గడ్డం నున్నగా గీసుకున్నాను. ఆవిడ శాలువా తల మీదుగా కప్పుకున్నాను. ఆవిడ పాత కళ్ళజోడు పెట్టుకుని, అదే కిటికీ పక్కన, అదే కుర్చీలో కూర్చున్నాను. ఏడవడానికి ఏమీ కష్టపడలేదు. ఎడమ కన్ను ముందు.

ఫోటో మార్చుకునే బటన్ ఆప్‌లోనే ఉంది. నొక్కాను. నొక్కేటప్పుడు చాలాకాలం తర్వాత నాకు నేనే ముద్దొచ్చాను. ఆపరేషన్ అయ్యాక ఈ ఫోటో ఫ్రేము కట్టించి అక్కకి ఇద్దామని కూడా అనుకున్నాను.

మార్చి 4

పైకి వస్తోంది.

మార్చి 5

పైన ఇద్దరే ఉన్నారు. ఒకరు పసిపిల్ల. పసిపిల్లతో పోటీ ఏమిటిలే.

మార్చి 8

గీత నిండిపోయింది! సారు అందరి ముందూ చెప్పాడు. కళ్లద్దాల పిల్ల నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆ పిల్ల టీలో చక్కెర నాలుగు చెంచాలు వేశాను, ఏమీ అనకుండా తాగింది. డాక్టరు తారీఖు ఇచ్చాడు.

అక్కకి చెప్పాను. నిజమేనా, ఎవరురా వాళ్ళంతా, నేనెవరో కూడా తెలియదే అంది. ఏ ఫోటో చూసి ఇచ్చారు అని అడిగింది. కిటికీ దగ్గర తీసిందే అన్నాను. అబద్ధం కాదు మరి. వాళ్ళ కిటికీలకు ఉత్తినే కర్టెన్లు కుట్టిపెడతాను అంది. నవ్వొద్దన్నాను. నవ్వు కాదురా ఇది అంది.

మార్చి 11

వెరిఫికేషన్ అంటే ఎవరో వచ్చి సంతకం చేయించుకు పోతారనుకున్నాను. తొమ్మిదో క్లాసు చదివుంటే తెలిసేదేమో.

కళ్లద్దాల పిల్లే ట్యాబ్ పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. పేషెంటు మొహం ఎదురుగా పెట్టాలి, ఫోటోలో మొహంతో కలిస్తేనే డబ్బు కదులుతుందట. ముందు రోజులైతే, ఒసే అమ్మాయ్, మా అక్కకి మొహం కడగనీ అని ఏదో వంక పెట్టి నాలుగు నిమిషాలు సంపాదించేవాణ్ణి. ఇవాళ అక్క చేతిలో సంచి అందుకున్నాను. అక్క జుట్టు సర్దుకుని, ఎటు చూడాలమ్మా అంది. ఇటే ఆంటీ అంది ఆ పిల్ల.

ట్యాబ్ ఎర్రగా అయింది. వెలుతురు చాల్లేదేమో అని కిటికీ వైపు తిప్పింది. మళ్ళీ ఎర్రగా. ఈసారి కింద ఇంకో ముక్క కూడా వచ్చింది. ఫోటోలో ఉన్నది పేషెంటు కాదు, మన డబ్బాలో మొహం అని. మనుషుల్ని ఎవరినైనా మోసం చేయొచ్చు. మా ఇద్దరిదీ ఒకటే అచ్చు అని చెప్పిన చుట్టాలందరూ ఆ ఫోటో చూసి అక్కే అన్నారు. ఆ ట్యాబ్ మాత్రం నన్ను ముక్కు కొలత, కళ్ళ మధ్య దూరంతో సహా కంఠతా పట్టింది. నేర్పింది నేనే, షూటింగ్‌లో అన్ని వైపులా తిరిగి తిరిగి చూపించి.

కళ్లద్దాల పిల్ల తలెత్తి నా వైపు చూసింది. అంకుల్, ఏం చేశారు అంది. అంతే అంది.

మార్చి 12

కేసు దానంతట అదే మూతపడింది. డబ్బు ఇచ్చినవాళ్ళకి తిరిగి వెళ్ళిపోయింది. క్షమాపణతో పాటు ఒక బటన్ కూడా వెళ్ళింది: ఈ మొత్తాన్ని వేరొకరికి ఇవ్వండి అని. మధ్యాహ్నానికి చాలామంది నొక్కేశారు. మంచివాళ్ళు. ఆ పసిపిల్ల గీత నిండింది.

సారు కాళ్ళ మీద పడలేదు గానీ, దగ్గర దగ్గరగా అదే. మా అక్క జబ్బు నిజం సార్, దొంగ నేనొక్కణ్ణే, నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి, పోలీసులకివ్వండి, కేసు మాత్రం తెరవండి అన్నాను. ఆయన కూడా మొహం కడుక్కుని వచ్చినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒకసారి ఫ్రాడ్ అని ముద్ర పడితే ఆ పేషెంటుకి ఏడాది దాకా కేసు తెరుచుకోదు, అది నా చేతిలో లేకుండా నేనే కట్టించాను అన్నాడు. పెద్దవాళ్ళు ఫోన్ చేసి ఒత్తిడి పెట్టకుండా అట. మీ అక్క గురించి ఆలోచించలేదు, అలాంటి మనిషి వస్తుందని ఎవరు ఆలోచిస్తారు అన్నాడు.

ఉద్యోగం తీయలేదు. డబ్బాలో నా మొహం బాగా ఆడుతోంది.

మార్చి 13

అక్కకి అంతా చెప్పాను. శాలువా సంగతి, కళ్ళజోడు సంగతి. కొడుతుందనుకున్నా. కొట్టినా బాగుండేది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గడ్డం గీసుకున్నావా, నా కోసం గడ్డం గీసుకున్నావురా అంటూ నవ్వింది. ఆగవే, ఆగు అని నేను వీపు నిమురుతూనే ఉన్నాను. పెదవులు నీలంగా అయ్యేదాకా నవ్వింది.

తర్వాత నెమ్మదిగా, నన్ను చూసి ఒక్కళ్ళూ ఇవ్వలేదన్నమాట అంది.



మార్చి 19

కర్టెన్ల దుకాణం యజమాని కొంత ఇచ్చాడు. అక్క కుట్టు మిషన్ అమ్మబోతే, అది నా కళ్ళ ముందు పోకూడదురా అంది. ఆవిడ పరీక్షలకని ఆసుపత్రిలో ఉన్న పూట అమ్మాను. సగానికి సగం కూడా కాలేదు. వేరే ఫౌండేషన్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ కంప్యూటర్‌కీ మా కంప్యూటర్‌కీ మాటలున్నాయట. ముద్ర అక్కడ కూడా కనిపించింది.

మార్చి 27

డాక్టరు బొమ్మ గీయలేదు ఈసారి. గుండె అలిసిపోయింది, ఇప్పుడు కోస్తే తట్టుకోదు అన్నాడు. అంటే డబ్బు కూడా అక్కర్లేదు. ఆ బెంగ తీరింది.

ఏప్రిల్ 4

అక్కను వార్డులో చేర్చుకున్నారు. చక్రాల కుర్చీలో తీసుకెళ్తుంటే కింద హాల్లో డబ్బా ఎదురైంది. ఇన్నాళ్ళూ పక్క గేటులోంచి తీసుకొచ్చేవాణ్ణి, అక్క వాడిని చూడటం ఇదే మొదటిసారి. వాడు తల ఎత్తి అక్క కళ్ళలోకి చూశాడు. అక్క కుర్చీ ఆపించింది. ఒరేయ్ ఇది నువ్వే అంది. నేనే అన్నాను. కుర్చీ తోయబోయాను. ఎడమ కంట్లోంచి మొదలుపెట్టాడు వెధవ.

అక్క సంచిలో చెయ్యి పెట్టి చిల్లర తీసింది. పిచ్చిదానా, అది బొమ్మే, ఎవరొచ్చినా ఏడుస్తుంది అన్నాను. తెలుసులేరా, అయినా నువ్వు ఏడుస్తుంటే వదిలేసి పైకి ఎలా వెళ్తాను అంది. నాణెం వేసింది. వాడు నవ్వాడు.

మాకు రావలసింది రాకపోగా, ఎదురు మేమే ఇస్తున్నాం అనుకున్నాను.

ఏప్రిల్ 9

స్కానింగ్‌కి కిందికి దించిన ప్రతిసారీ ఇదే వరస. చిల్లర లేకపోతే నర్సుని అడుగుతోంది. నర్సు నా మీద విసుక్కుంటోంది, మీ అక్కకి చెప్పండి, అది మెషిన్ అని. నేనేం చెప్పను. లోపల ఉన్నది నా మొహం.

ఏప్రిల్ 12

ఇవాళ నాణెం వేశాక వాడి నవ్వుని తేరిపార చూసి, ఇది నాతో మాట్లాడేటప్పుడు నువ్వు నవ్వే నవ్వు కదరా అంది. మిగతావాళ్ళతో ఇలా నవ్వవు, పళ్ళు కనపడతాయి అంది. చెప్పాను. అప్పుడు నువ్వు ఫోన్ చేశావు, ముసుగేసుకుని రమ్మన్నావు, అదే ఉంచారు అని.

మొహం వెలిగిపోయింది. అయితే నేను కూడా ఉన్నానన్నమాట డబ్బాలో అంది. ఊరంతా ఉన్నానా అని అడిగింది. ఊరంతా అన్నాను.

ఏప్రిల్ 21

అక్క పోయింది.

ఏప్రిల్ 25

కళ్లద్దాల పిల్ల ఇంటికొచ్చింది. కిటికీ పక్కన అక్క కుర్చీలో కూర్చుంది. మా కిటికీకి కర్టెన్ లేదని అప్పుడు చూశాను. ఊళ్ళో సగం కిటికీలకు కుట్టింది, మా దానికి మాత్రం ఎప్పుడూ తర్వాత కుడతాలే అనేది. నేను ఉద్యోగం మానేస్తున్నాను అంకుల్, వెళ్ళేముందు ఆసుపత్రి డబ్బాలోంచి మీ మొహం తీసేస్తాను, అటు వెళ్ళినప్పుడల్లా మీరు చూసుకోనక్కర్లేదు అంది.

వద్దన్నాను. మరీ గట్టిగా అన్నట్టున్నాను, బెదిరిపోయింది.

ఏప్రిల్ 28

ఫౌండేషన్ నుంచి ఫోన్‌కి మెసేజ్. అక్కకి సంతాపం. అక్క పేరు మీద ఇతరులకు సాయం చేయదలిస్తే కింద నొక్కమంది. ఎవరూ పంపింది కాదట, పేషెంటు పోతే దానంతట అదే వెళ్తుందట.

ఆఫీసులో ఎవరూ నన్ను నవ్వించమని అడగడం లేదు. లిఫ్టు ఇవాళ నిజంగానే పాడైంది. బోర్డు నేనే పెట్టాను. ఎవరూ నమ్మలేదు, అందరూ బటన్ నొక్కుతూ నిలబడ్డారు.

మే 6

ఆసుపత్రికి వెళ్ళాను. నాణెం వేశాను. వాడు నవ్వాడు. అక్క వాడికి ఫోన్ చేసింది.